అక్కను అడగండి: ఊరు మారినవాళ్ల ఉత్తరాలు

జూన్‌లో బదిలీ అయినవాళ్లకి దిగులు ఆగస్టులో మొదలవుతుంది. మొదటి రెండు నెలలు అట్టపెట్టెలు విప్పడం, గ్యాస్, నెట్, బడి ఫీజులతోనే గడిచిపోతాయి. ఆ హడావిడి తగ్గి మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఒక్కరే కూర్చున్నప్పుడు, ఈ ఊళ్లో మనకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరని గుర్తొస్తుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం అలాంటివే. అందుకని అత్తాకోడళ్ల తగాదాలను వచ్చే నెలకి వాయిదా వేసి (కోపగించుకోకండి, అవి ఎక్కడికీ పోవు) ఈ నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: అక్కా, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారి బదిలీ మీద జూన్‌లో హన్మకొండ వచ్చాం. ఇల్లు బాగానే ఉంది, బాబు తొమ్మిదో తరగతిలో చేరాడు. నాకే ఊపిరాడట్లేదు. గేటు తీస్తే చాలు, "ఏడికి పోతున్నరు?" అంటారు. కిరాయెంత, సారు జీతమెంత, ఒక్కడే కొడుకా, ఇంకా ఆడపిల్ల లేదా... మొదటి వారంలోనే అన్నీ అడిగేశారు. కిరాణా కొట్లో వాము అడిగితే లేదన్నాడు కుర్రాడు. చూస్తే ఎదురుగా డబ్బాలోనే ఉంది, పైగా నవ్వాడు. మొన్న బస్సులో ఆధార్ చూపిస్తే "ఇది నడవదమ్మా, ఆంధ్రా అడ్రస్ ఉంది" అని కండక్టర్ టికెట్ కొట్టాడు. అందరూ నావైపే చూశారు. డబ్బుల గురించి కాదక్కా, ఆ క్షణాన ఏడుపొచ్చింది. ఎన్నాళ్లకి ఈ ఊరు నాదవుతుంది? నా మాట మార్చుకోవాలా?
— సుబేదారి నుంచి ఓ చెల్లెలు

జవాబు: ముందు వాము సంగతి తేల్చేద్దాం. ఇక్కడ దాన్ని ఓమ అంటారు చెల్లే. ఆ పిల్లాడికి నీ మాట అర్థం కాలేదు, అంతకు మించి ఏమీ లేదు. వెల్లుల్లిని ఎల్లిగడ్డ అను, గోంగూరని పుంటికూర అను, బంగాళాదుంప ఆలుగడ్డ, కుళాయి నల్లా, మొక్కజొన్నలు మక్కలు. ఇలాంటి పది పేర్లు నేర్చుకుంటే దుకాణంలో పని నడుస్తుంది. యాస మాత్రం మార్చుకోకు. నేర్చుకుని రావడం వేరు, నాలుగు రోజుల్లో బలవంతంగా "గట్లనా, గిట్లనా" అనడం వేరు. రెండోది ఎక్కిరించినట్టు వినిపిస్తుంది, అందులోనూ ఇక్కడ. ఒకప్పుడు ఈ మాటను సినిమాల్లో రౌడీలకీ కమెడియన్లకీ మాత్రమే ఇచ్చారు, ఆ రోషం ఇంకా పూర్తిగా పోలేదు. కవి కాళోజీ నడిచిన ఊరిది, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9నే తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. నీ గోదావరి మాట నువ్వు నిండుగా మాట్లాడు, ఎదుటివాళ్ల మాట నిండుగా విను. నవ్వితే నువ్వూ నవ్వు.

ఇక ఆ ప్రశ్నల గురించి. "ఏడికి పోతున్నరు?" అన్నది ప్రశ్న కాదు, పలకరింపు. మీ వైపు "ఏవండీ, భోజనాలయ్యాయా?" అన్నట్టే. మార్కెట్‌కా, బ్యాంకుకా, ఎన్నింటికి తిరిగొస్తారు అని వాళ్లకి లెక్క అక్కర్లేదు. "గిట్లనే, జర పనుండి" అంటే చాలు, వాళ్లు నీ వెనక్కి కూడా చూడరు. జీతం అడిగితే "ఎంతొచ్చినా ఇరవయ్యో తారీఖు దాకనే పిన్నీ" అని నవ్వెయ్, అది వాళ్ల ఇంట్లోనూ నిజమే కాబట్టి మాట అక్కడితో ఆగుతుంది. "మీ ఊరేది, మీరు ఎవరి తాలూకు" అని తవ్వుతున్నారంటే నిన్ను ఏదో ఒక వరసలో కూర్చోబెట్టడానికి. అక్కవో, వదినవో, కోడలివో తేలితే తప్ప ఇక్కడ ఆడవాళ్లకి తోచదు. అయితే ఒక్క ప్రశ్న మాత్రం నాకూ నచ్చదు, ఇల్లు కిరాయికి ఇచ్చే ముందు కులం అడగడం. అది పలకరింపు కాదు, జల్లెడ. అలా అడిగినవాళ్ల ఇల్లు ఎంత బాగున్నా దిగొద్దని అందరికీ చెబుతూనే ఉన్నాను.

నేనూ ఈ ఊరికి కొత్తగా వచ్చినదాన్నే. పుట్టింది జగిత్యాలలో, మా ఆయన ఉద్యోగం మీద 1995లో హన్మకొండలో దిగాం. ఒకే తెలంగాణ, ఒకే యాస, అయినా ఆరు నెలలు ఎవరితోనూ కలవలేదు. నాది మొండితనం. ఎవర్నీ ఏమీ అడగకూడదు, ఎవరికీ బాకీ పడకూడదు అని. చక్కెర అయిపోతే ఎండలో దుకాణానికి నడిచేదాన్ని గానీ పక్కింటి తలుపు తట్టేదాన్ని కాదు. అలాగే సంక్రాంతి వచ్చింది. మూడు కిలోల బియ్యం నానబోసి, గిర్ని పట్టించుకొచ్చి, నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి, పాత ధోతి పరిచి సకినాలు చుట్టడానికి కూర్చున్నాను. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ ఆరేడుగురు ఆడవాళ్లు చేసేవారు, అమ్మ, చిన్నమ్మలు, పక్కింటి పెద్దమ్మ. ఒక్కదాన్నే చుడుతుంటే గంటకి ధోతిలో సగం కూడా నిండలేదు. వేళ్లు మొద్దుబారాయి. గిన్నెలో పిండి అంచుల దగ్గర ఎండి పొలుసులు కడుతోంది. తడిపిండి కదా, పొద్దుమీకేదాకా ఆగదు. అప్పుడు లేచి, చేతికి పిండితోనే వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను. "అక్కా, సకినాలు చుట్ట వస్తవా, పిండి ఆరిపోతంది" అన్నాను. ఆమె నన్ను చూసి, లోపలికి తిరిగి కోడలిని పిలిచింది, వెనకింటి ఆమెకి గోడ మీంచి కేకేసింది. గంటన్నరలో పని అయిపోయింది. చుడుతున్నంతసేపూ నువ్వు రాసిన ప్రశ్నలన్నీ నన్ను అడిగారు, చేతులు పనిలో ఉంటే జవాబు చెప్పడం ఎంత తేలికో ఆ రోజే తెలిసింది. వెళ్లేటప్పుడు వెనకింటామె అన్న మాట, "ఆర్నెల్ల సంది చూస్తున్నం, మాతోని పనిలేదనుకున్నం."

అందుకే చెల్లే, చాలామంది చెప్పేదానికి నేను తిరగేసి చెబుతాను. కొత్త ఊళ్లో స్వీట్లు పంచమంటారు. పంచు, తప్పులేదు, కానీ అంతకన్నా ముందు ఏదైనా అడుగు. రుబ్బురోలు అడుగు, మంచి టైలర్ ఎవరని అడుగు, కూలర్ గడ్డి ఎక్కడ దొరుకుతుందని అడుగు (మీ వైపు ఉక్కపోత, మాది పొడి ఎండ, మార్చి దాటితే కూలర్ లేకుండా కుదరదు). మనకి ఇచ్చినవాళ్లని మర్చిపోతాం గానీ, మనం ఇచ్చినవాళ్లని మర్చిపోం. ఆ గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకు, మీ దిబ్బరొట్టె ముక్క వేసి ఇవ్వు. ఆ తర్వాత ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

కాగితాల పని కూడా చెప్పేస్తాను. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్‌లో మొదలైంది, అది తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డుకే. కండక్టర్ నిన్ను అవమానించలేదు, అతని డ్యూటీ అతను చేశాడు. ఆధార్‌లో అడ్రస్ మార్పించుకో, ఓటుకి ఫారం 8 పెట్టుకో. మీ బండి ఆంధ్రా నంబర్‌దైతే, చట్టం ప్రకారం 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. దానికి అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇంకొకటి, ఇది ముఖ్యం. బాబు డాక్టరో ఇంజనీరో అనుకుంటే సీటుకి లోకల్ (ఈ రాష్ట్రం విద్యార్థి) కింద లెక్క రావాలంటే ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదవాలి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, సరిగ్గా నాలుగు. మధ్యలో ఇంటర్‌కి విజయవాడ పంపే ఆలోచన ఉంటే ఆ లెక్క చూసుకుని పంపండి.

ఎన్నాళ్లకి అని అడిగావు. నాకు ఏడాదిన్నర పట్టింది. బయటివాళ్లకి ఇదంతా వరంగలే, కానీ హన్మకొండలో ఉండేవాళ్లకి వరంగల్ అంటే స్టేషన్ వైపు, కోట వైపు ఉన్న పాత ఊరు. ఒక రోజు చీరల కోసం బయల్దేరుతూ "వరంగల్ పోయొస్త" అని మా ఆయనతో అని, గుమ్మంలో ఆగిపోయాను. ఆ మాట నా నోటి నుంచి ఎప్పుడు రావడం మొదలైందో నాకే తెలియదు.

ప్రశ్న: నమస్తే అక్కా. మాది కాగజ్‌నగర్. హన్మకొండలో ప్రైవేటు ఆఫీసులో జాబ్ వచ్చింది, జీతం తక్కువే. రూమ్ వెతుకుతున్నా. ఒక చోట గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు గదులు చాలా తక్కువ కిరాయికి ఇస్తమంటున్నరు. తీసుకోవచ్చా? బ్యాచిలర్స్ అంటే చాలామంది వద్దంటున్నరు.
— ఓ తమ్ముడు

జవాబు: తమ్మీ, అంత తక్కువకి ఎందుకిస్తున్నారో ఓనర్‌ని అడక్కు, ఆ గల్లీ మూల మీద చాయ్ కొట్టువాడిని అడుగు. "2023 జులైలో నీళ్లు ఎంతదాకా వచ్చినయ్ అన్నా?" అను. ఈ ఊరు చెరువుల మధ్య పుట్టిన ఊరు. భద్రకాళి, వడ్డేపల్లి, వాటిని కలిపే నాలాలు. ఆ నాలాల ఒడ్డునే ఇళ్లు లేచాయి. 2020 ఆగస్టులో ఒకసారి, 2023 జులైలో ఇంకోసారి నయీంనగర్ వైపు, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి, ఆ రెండోసారి భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. గది చూడ్డానికి వెళ్లినప్పుడు పైకప్పు కాదు, గోడ కింది సగం చూడు. నడుం ఎత్తు దాకా మాత్రమే కొత్త రంగు వేశారా? ప్లగ్ పాయింట్లు అన్నీ ఛాతీ ఎత్తులో ఉన్నాయా? పక్క పోర్షన్‌లో ఫ్రిజ్ సిమెంటు దిమ్మె మీద కూర్చుందా? ఇక అడగక్కర్లేదు. మా చుట్టాలబ్బాయి ఒకడు ఇవేవీ చూడకుండా దిగాడు, వర్షం పడిన రాత్రి సర్టిఫికెట్ల సంచి నెత్తిన పెట్టుకుని పక్కింటి మేడ ఎక్కాడు. ఓనర్ మర్నాడు ఫోన్ ఎత్తలేదు. వందలు ఎక్కువైనా పై అంతస్తు చూసుకో.

బ్యాచిలర్లని వద్దనేవాళ్లు ఉంటారు, వాళ్లతో వాదించి లాభం లేదు. నయీంనగర్, కిషన్‌పుర వైపు కాలేజీలు, హాస్టళ్లు ఎక్కువ కాబట్టి అక్కడి ఓనర్లకి పోరగాళ్లు అలవాటే (నీళ్ల సంగతి మాత్రం పైన చెప్పినట్టు చూసుకునే దిగు). పెద్ద మనిషినెవరినైనా వెంట తీసుకెళ్తే సగం పని అవుతుంది, మీ ఆఫీసు అటెండర్ అయినా సరే. అతనికి తెలిసినన్ని గల్లీలు ఏ యాప్‌కీ తెలియవు. 11 నెలల అగ్రిమెంట్ రాసుకో, అడ్వాన్స్ ఎంతిచ్చినా ఫోన్‌లో పంపు, చేతికివ్వకు. నల్లా ఏ రోజు వస్తుంది, మోటార్ ఎవరు వేస్తారు, కరెంటు మీటరు వేరేనా అన్నవి దిగకముందే తేల్చుకో. రాత్రికి కర్రీ పాయింట్ ఉంటే చాలు, అన్నం వండుకోవడం నేర్చుకో.

ఇంకో చిన్న మాట. ఇంటికి పోయేటప్పుడు కాజీపేటలో ఎక్కు. సికింద్రాబాద్ నుంచి మీ వైపు వచ్చే బండ్లు కాజీపేట దగ్గరే మళ్లిపోతాయి, వరంగల్ స్టేషన్‌కి రావు. కొత్తలో ఈ తేడా తెలియక వరంగల్ స్టేషన్‌లో కూర్చుని బండి పోగొట్టుకున్నవాళ్లు ప్రతి దసరాకీ ఉంటారు.

ప్రశ్న: మేడమ్, మా నాన్న సింగరేణిలో, శ్రీరాంపూర్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. అమ్మ పోయాక మంచిర్యాల నుంచి హన్మకొండకి, మా అపార్ట్‌మెంట్‌కి తెచ్చుకున్నాం. ఏ లోటూ లేకుండా చూస్తున్నాం. ఆయన మాత్రం బాల్కనీలో కూర్చుని మాట్లాడకుండా ఉంటారు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి గిన్నెలు చప్పుడు చేస్తారని మా ఆవిడ కొంచెం విసుక్కుంటోంది.
— ఓ కొడుకు

జవాబు: నాలుగింటికి లేవడం ఆయన తప్పు కాదయ్యా, ఫస్ట్ షిఫ్ట్ అలవాటు అది. బొగ్గు బావి దిగిన ఒంటికి ఆ గంట లోపల మోగుతూనే ఉంటుంది. మీ ఆవిడకి ఆ మాట నువ్వు చెప్పు. ఏ లోటూ లేకుండా చూస్తున్నాం అన్నావు చూడు, అక్కడే ఉంది చిక్కు. పాలు ఫోన్‌లో, కూరగాయలు ఫోన్‌లో, మందులు ఫోన్‌లో తెప్పిస్తే ఆయన గడప దాటడానికి పనేముంది? రేపటి నుంచి పాల ప్యాకెట్ ఆర్డర్ ఆపెయ్. "నాన్నా, పాలు నువ్వే తేవాలె" అని చెప్పు. ఐదింటికి పాలబూత్ దగ్గర ఆయన వయసువాళ్లు నలుగురుంటారు, వాళ్లలో ఒకరికి మంచిర్యాలలో వియ్యంకుడు ఉండకపోడు. పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కో భద్రకాళి కట్టకో ఒకసారి నువ్వే తీసుకెళ్లు, రెండోసారి దారి అడగకుండా పోతారు. పేపర్ చదివే అలవాటుంటే హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. 1904లో నిజాం కాలంలో, తెలుగు చదువుకే దిక్కులేని రోజుల్లో పెట్టిన గ్రంథాలయం. నెలకోసారి మంచిర్యాల పోయొస్తానంటే ఆపకండి. "మళ్లా ఎందుకు నాన్నా, ఇక్కడ మంచిగనే ఉంది కదా" అనకండి. అక్కడ ఇల్లుంటే అప్పుడే అమ్మకండి కూడా.

ప్రశ్న: అక్కా, మాది ములుగు రోడ్డు. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాం. మా పక్క పోర్షన్‌లోకి ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక జంట వచ్చింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, నాకు హిందీ అంతంతే. నన్ను చూస్తే తలొంచుకుని లోపలికి పోతుంది. పాపం అనిపిస్తుంది, ఏం మాట్లాడాలో తెలియదు.
— ఓ పెద్దక్క

జవాబు: నీ ఉత్తరం చదివి నా మనసు చల్లబడింది అక్కా. వచ్చినవాళ్లు రాస్తారు గానీ, ఉన్నవాళ్లు రాయడం అరుదు. ఒక సంగతి చూడు, మీ ఇంటి ముందు పోయే ఆ రోడ్డే ములుగు, ఏటూరునాగారం దాటి గోదావరి మీదుగా భూపాలపట్నం దాకా పోతుంది. అంటే ఆ అమ్మాయి తన ఊరి రోడ్డు మీదే ఉంది, ఎవరైనా చెప్పాలి అంతే.

హిందీ గురించి భయపడకు, మన "కిరాయి", "జల్ది", "దవాఖాన", "చౌరస్తా" ఆమెకీ అర్థమవుతాయి. తినడానికి ఏదో పెట్టి పంపాలని చూడకు, ఇంకా ముడుచుకుపోతుంది. ఎంగిలిపూల బతుకమ్మ పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు కదా, ఎంతో దూరం లేదు. గునుగు, తంగేడు తెచ్చి వాకిట్లో పోసుకుని కూర్చో. ఆమె గేటు దగ్గర కనిపించగానే తాంబాలం చూపించి, "చేతులు సాలుత లేవు బిడ్డా, జర పూలు అందియ్యవా" అని పిలువు. ఏ భాషలో పిలిచినా సరే, పూలు చూపిస్తే అర్థమవుతుంది. ఏ పువ్వు తర్వాత ఏ పువ్వో ఆమె తప్పు పెడితే వెంటనే సరిచేయకు, ఒక వరస అలాగే ఉండనివ్వు. సాయంత్రం ఆ బతుకమ్మ నువ్వు పేర్చిందే కాదు, ఆమె పేర్చింది కూడా కాబట్టి ఆడే చోటికి రానని అనదు. పాట రాకపోతే ఏం, రెండో చుట్టు తిరిగేసరికి "ఉయ్యాలో" అనడం ఎవరికైనా వస్తుంది.